బండికి చోకు, నాకు షోకు

పదో తరగతి పిల్లలకు ఉష్ణానికీ ఉష్ణోగ్రతకూ తేడా చెప్పి జీతం తీసుకునేవాణ్ని నేను. గ్లాసుడు మరిగే నీళ్లలోకంటే మా వైరా రిజర్వాయర్ నిండా ఉన్న చల్లటి నీళ్లలోనే ఉష్ణం ఎక్కువని బల్ల గుద్ది మరీ చెబుతాను. పిల్లలు నమ్మరు, పరీక్షలో మాత్రం రాసేస్తారు. పైకి వేడిగా తగిలేది వేరు, లోపల ఉన్న వేడి వేరు అన్న ఆ పాఠం నా ఒంటికి కూడా వర్తిస్తుందని యాభై దాటేదాకా నాకు తట్టలేదు. అది తట్టక నేను చేసిన బుద్ధితక్కువ పని గురించి చెప్పాలంటే ముందు నా స్ప్లెండర్ గురించి చెప్పాలి.

మా ఇంట్లో పొద్దున్నే మొదటి మర్యాద దానికే. ఆ మోడల్ 1994లో వచ్చింది. నాది తొలినాళ్ల బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, 97.2 సీసీ. పెట్రోలు కాక్ తిప్పడం, కార్బురేటర్ పక్కనున్న చోకు మీట ఎత్తడం, తాళం తిప్పకుండా రెండు ఉత్తి కిక్కులు కొట్టడం, తర్వాత తాళం తిప్పి అసలు కిక్కు. బండి అందుకున్నాక ఎక్సలేటర్ ముట్టకూడదు. చప్పుడు తడబాటు తగ్గి నికరంగా టకటకలాడేదాకా పక్కనే నిలబడాలి. అప్పుడు చోకు సగం దించి, ఇంకాసేపు చూసి, పూర్తిగా దించాలి. ఈలోపు నేను అద్దం తుడిచేవాణ్ని, సీటు తుడిచేవాణ్ని. మా ఆవిడ వంటింటి కిటికీ లోంచి, ‘ఆ పొగంతా ఇటే వస్తంది. బండికి ధూపం వేస్తున్నారా?’ అనేది. శాస్త్రం తెలియని వాళ్లతో వాదన ఎందుకని ఊరుకునేవాణ్ని.

మా వాడు డిగ్రీ చదివే రోజుల్లో ఎప్పుడైనా తాళం లాక్కుని, కిక్కు కొట్టీ కొట్టగానే రేజ్ చేసుకుంటూ మలుపు తిరిగాడంటే, వాడు తిరిగొచ్చేదాకా నేను గేటు వదిలేవాణ్ని కాదు. రాగానే క్లాసు మొదలు. రాత్రంతా ఆయిలు కిందికి దిగి చిక్కబడి ఉంటుందిరా, అది పంపు లోంచి పైకెక్కి పిస్టన్ దాకా రావాలి. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు, అందుకే చోకు వేసి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతాం. పిస్టన్, సిలిండర్ ఒకే తీరున వ్యాకోచించవు, వాటికి కుదురుకునే టైమివ్వాలి. వాడు చెప్పులు విప్పుతూ వినేవాడు, లేదా విన్నట్టు నిలబడేవాడు. ఇంత తెలిసిన మనిషిని కదా, ఆ తెలిసినదంతా ఇనుముకే ఖర్చుపెట్టాను.

సంగతి షుగరుతో మొదలైంది. ఖమ్మంలో డాక్టరు కాగితం చూసి, రోజూ చెమట పట్టేలా ఏదో ఒకటి చెయ్యమన్నాడు. నడక నాకు విసుగు. చిన్నప్పుడు సైకిల్ మీదే హైస్కూలుకు వెళ్లినవాణ్ని కనుక సైకిల్ అన్నాను. అయితే చిన్ననాటి సైకిల్ కాదు, 21 గేర్లది. దాంతోపాటు హెల్మెట్, గ్లవ్స్, వెనక ఎర్రగా మిణుకుమనే లైటు, నీళ్ల సీసా పెట్టుకునే బోను, లోపల దళసరిగా కుట్టిన నిక్కరు. ఆ నిక్కరుతో బజార్లో తిరగడానికి మాస్టారి మొహం చెల్లక దాని మీద ట్రాక్ ప్యాంటు వేసుకునేవాణ్ని. మొత్తానికి మంచం దిగిన కాసేపటికే కాఫీ తాగి, షోకంతా ఒంటికి తగిలించుకుని, గేటు దాటుతూనే గేరు బిగించి తొక్కేవాణ్ని. మొదటి పదిహేను నిమిషాల్లో గుండె నోట్లోకి వచ్చేది. అదే వ్యాయామం అనుకునేవాణ్ని.

మా పీఈటీ సారు స్టాఫ్ రూములో ఒకసారి మెత్తగా అన్నాడు: ‘సార్, ఎక్కగానే గట్టిగా తొక్కకండి. కాసేపు వార్మప్ చేసుకోండి.’ అప్పుడు నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి. ‘అదంతా మంచు కురిసే దేశాల వాళ్లకయ్యా. మనం ఖమ్మం జిల్లాలో పుట్టాం. కొత్తగూడెం ఎండ తిన్న ఒళ్లు ఇది. మే నెలలో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుద్ది. మనకి ఇంకా వేడెక్కడం ఏంది?’ స్టాఫ్ రూమంతా నవ్వింది. గెలిచాననుకున్నాను.

సైన్సు మాస్టారు అనకూడని మాట అది. ఎండ తగిలేది చర్మానికి. పడుకుని లేచిన మనిషి కాలి కండ లోపల వేడి, ఒంటి నడిమి వేడి కంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువే ఉంటుంది. ఆ కండ పనిచేస్తేనే అది పెరుగుతుంది. పెడల్ తిప్పడం మొదలుపెట్టిన మూడు నుంచి అయిదు నిమిషాల్లో చకచకా ఎక్కి, పది ఇరవై నిమిషాలకు ఒక స్థాయిలో నిలబడుతుంది. రక్తం లెక్క ఇంకా పెద్దది. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో అయిదో వంతు కూడా కండరాలకు పోదు. గట్టిగా శ్రమించేటప్పుడు నూటికి ఎనభై పాళ్లు వాటికే పోవాలి. ఈ మళ్లింపు స్విచ్చి వేసినట్టు జరగదు. పైగా మన ఎండల్లో చెమట పట్టి చల్లబడ్డానికి చర్మం కూడా తన వాటా రక్తం అడుగుతుంది. అంటే వేడి ఊళ్లో మనకు వార్మప్ అక్కర్లేదన్న నా సిద్ధాంతం తలకిందులన్నమాట. ఇక్కడ గుండెకి ఇద్దరు అడిగేవాళ్లు.

నాకంటే బాగా తెలిసినవాడు రిజర్వాయర్ కట్ట మీద రోజూ ఎదురయ్యేవాడు. చేపలమ్మే పెద్దాయన. నిజాం కాలంలో కట్టిన ఆ కట్ట దిగువనే ఆయన సైకిల్ నిలిపేవాడు. వెనక క్యారేజీ మీద ఐసు వేసిన పెట్టె, పాత ట్యూబు ముక్కలతో నాలుగు చుట్లు బిగించి, ముందు హ్యాండిల్‌కి తక్కెడ. బొచ్చెలు, రవ్వలు, అదృష్టం బాగుంటే కొరమీను. అంత బరువు పెట్టుకుని ఆయన చప్పున ఎక్కి కూర్చోడు. ఎడం చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు మీద వేసి, కొంత దూరం ఒంగి తోసుకుంటూ నడుస్తాడు. తర్వాత ఒక కాలు పెడల్ మీద పెట్టి రెండో కాలితో నేల తన్నుకుంటూ కొంత దూరం. అప్పుడు ఎక్కుతాడు. ఎక్కాక కూడా మెయిన్ రోడ్డు తగిలేదాకా పెళ్లి ఊరేగింపులో ఉన్నట్టు తొక్కుతాడు. నేను గంట కొట్టి మరీ ఆయన్ని దాటిపోయేవాణ్ని. ఒకనాడు టీ కొట్టు దగ్గర బెంచీ మీద వాలిపోయి రొప్పుతుంటే ఆయన తాపీగా వచ్చి దిగాడు. నన్ను ఎగాదిగా చూసి, ‘పొద్దుగాల్నే ఎవరి మీద కోపం సారూ?’ అన్నాడు. నేను నవ్వేశాను, విన్నది మాత్రం లేదు.

ఇక ముక్కోటి. భద్రాచలంలో వైకుంఠ ఏకాదశి ముందు రోజు సాయంత్రం గోదావరిలో హంస వాహనం మీద తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. ఆ తెప్పోత్సవం వేళకు సైకిళ్ల మీద చేరుకోవాలని ఊళ్లో కుర్రాళ్లు అనుకున్నారు. వాళ్లలో సగం మంది నా దగ్గర చదివినవాళ్లే. వైరా నుంచి తల్లాడ, అక్కణ్నుంచి కొత్తగూడెం రోడ్డు పట్టుకుని ఏన్కూరు, జూలూరుపాడు, తర్వాత కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం. వంద కిలోమీటర్లు దాటుతుంది. ఏన్కూరు దాటాక అడవి గాలి తగులుతుంది, ఆ సీజన్‌లో అంత మంచి దారి ఇంకోటి లేదు. ‘సార్, మీరు కారులో రండి, మా సామాన్లు తెస్తారు’ అన్నాడొకడు. ఆ ఒక్క మాట చాలు, నేను సైకిల్ మీదే వస్తానన్నాను.

ముందు రాత్రి నా ఏర్పాట్లు చూడాలి. టైర్లలో గాలి కొలిచి నింపాను. చైను గుడ్డతో తుడిచి, లింకు లింకుకీ చుక్క చుక్క నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి నూనె లోపలికి పాకించాను. బ్రేకు రబ్బర్లు చూశాను. గేరు తీగ బిగువు చూశాను. అంటే సైకిల్లో కదిలే ప్రతి కీలునూ సిద్ధం చేశాను. దాని మీద కూర్చునే కీళ్లు మాత్రం నా లెక్కలో లేవు. తెల్లవారుజామున మంచు. వైరాలో డిసెంబరు, జనవరి పొద్దులంటే రిజర్వాయర్ మీద నుంచి, కాలవల మీద నుంచి పొగమంచు వచ్చి వీధి దీపాలు కూడా సరిగా కనపడవు. కుర్రాళ్లు మధిర రోడ్డు మలుపు దగ్గర దీపం కింద చేతులు గిరగిరా తిప్పుతూ, కాళ్లు ఊపుతూ, గుంజీళ్లు తీస్తున్నారు. నేను సైకిల్ మీద ఒక కాలు ఆన్చి నిలబడి, ‘ఏందిరా, సర్కస్ కంపెనీ పెట్టారా?’ అన్నాను. ఒకడు, ‘మీరూ రండి సార్, చలిగా ఉంది’ అన్నాడు. ‘నేను రోజూ తొక్కేవాణ్నిరా’ అన్నాను. మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషి మాట అది.

బయల్దేరాక కాసేపు అందరం కలిసే ఉన్నాం. వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతున్నారు. నాకది నత్తనడకగా తోచింది. ఇంతలో ఒక కుర్రాడు నా పక్కగా వచ్చి, ‘నమస్తే సార్’ అని ముందుకు జరిగాడు. సైన్సులో 35 మార్కులకు వాణ్ని ఒడ్డెక్కించడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. వాడా నన్ను దాటేది? గేరు బిగించాను. బిగించి, సీటు మీద నుంచి లేచి, బరువంతా మునివేళ్ల మీద వేసి పిక్కబలం చూపిద్దామనుకున్నాను. నాలుగు తొక్కులు బ్రహ్మాండంగా పడ్డాయి.

అయిదో దానికి నా ఎడం పిక్క మీద ఎవరో రాయి విసిరారు. టక్కుమని తగిలింది, చప్పుడు కూడా విన్నాను. దిగి, వెనక్కి తిరిగి, ‘ఎవడ్రా అది?’ అని అరిచాను. వెనక మంచు తప్ప ఎవరూ లేరు. కాలు కింద పెడితే నిలవలేదు. రాయి ఎవరూ విసరలేదు. పిక్క కండ లోపల చిట్లింది. తర్వాత డాక్టరు నవ్వుతూ చెప్పాడు, ఈ దెబ్బ తగిలిన వాళ్లందరూ ముందు వెనక్కి తిరిగే చూస్తారట. షటిల్ ఆడేవాళ్లు పార్ట్‌నర్ బ్యాటుతో కొట్టాడనుకుని పోట్లాటకు కూడా దిగుతారట.

కుర్రాళ్లు తువాలు చుట్టి, ఖమ్మం వైపు కూరగాయలు వేసుకుని పోతున్న ట్రాలీ ఆటో ఆపి, నన్నూ సైకిల్నీ వంకాయల బస్తాల మధ్య సర్దారు. ఒకడు తోడు వస్తానన్నాడు, వద్దని పంపేశాను. ఆ మాత్రం పరువు మిగుల్చుకోవాలనిపించింది. డ్రైవర్ వెనక్కి తిరిగి, ‘యాక్సిడెంటా సారూ?’ అన్నాడు. కాదన్నాను. ‘పడ్డారా?’ పడలేదన్నాను. ‘మరి?’ అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక మంకీ క్యాపు కళ్ల మీదికి లాక్కున్నాను. తెప్ప మీద దీపాలు వెలుగుతున్న ఫొటో సాయంత్రం కుర్రాళ్లు పంపితే, దిండు మీద కాలు పెట్టుకుని, ఐసు గుడ్డ అద్దుకుంటూ చూశాను. మా వాడు ఫోన్లో అంతా విని, ఒక్క క్షణం ఆగి, ‘చోకు వెయ్యలేదా నాన్నా?’ అన్నాడు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. స్కూల్లో కర్ర పట్టుకుని కుంటుతుంటే పిల్లలు అడిగారు. బాత్రూములో జారానని చెప్పాను. నాతో బయల్దేరిన కుర్రాళ్ల తమ్ముళ్లు అదే క్లాసులో ఉన్నారు. పిల్లలు పాపం మర్యాదస్తులు, ఎవరూ నవ్వలేదు.

కాలు కదపలేని రోజుల్లో చదవడం మొదలుపెట్టాను. ముందే చదవాల్సినవి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్‌లో ఆస్ముసెన్, బోయె అనే ఇద్దరు 1945లో అచ్చువేసిన పరిశోధన ఒకటి ఉంది. మనుషుల్ని కదలని సైకిల్ ఎక్కించి, కొంచెం బరువు మీద పొట్టి పందెం లాంటిది తొక్కించారు. ముందుగా ఒళ్లు వేడెక్కించుకుని తొక్కిన వాళ్లు అదే పనిని త్వరగా ముగించారు. మెల్లగా తొక్కి వేడెక్కించినా, వేడి నీళ్లతో వేడెక్కించినా ఫలితం కనపడింది. అంటే కండలోని వేడికి విలువ ఉంది. ఆ నగరానికి సైకిల్ మీద ప్రయోగాలు చేసే అలవాటు అంతకు ముందు నుంచే ఉంది. 1920లో నోబెల్ అందుకున్న ఆగస్ట్ క్రోగ్, మనిషి శ్రమను కొలిచే సైకిల్ని 1913 నాటికే తయారు చేసుకున్నాడు. పని మొదలైన తొలి నిమిషాల్లో ఊపిరి, రక్తం వెనకబడి పరుగెత్తుతూ వస్తాయని, ఆ లోటుతోనే మొదట్లో ఆయాసం వస్తుందని తెలిసింది ఆ తరం వాళ్ల పని వల్లే. ‘గుండె నోట్లోకి రావడమే వ్యాయామం’ అనుకున్నాను కదా, అది వ్యాయామం కాదు, నేను చేసిన తొందర.

నా పిక్కకు దగ్గరి సాక్ష్యం 1988లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు కుందేళ్ల కండల మీద చేసిన ప్రయోగంలో దొరికింది. ముందు కాస్త ఆడించి ఒక డిగ్రీ వేడెక్కిన కండ తెగడానికి ఎక్కువ బలం కావాల్సి వచ్చింది, తెగేలోపు అది ఎక్కువ సాగింది కూడా. అలాగని వార్మప్ చేస్తే దెబ్బే తగలదని ఎవరూ రాసివ్వలేదు. మనుషుల మీద ఆ లెక్క అంత సూటిగా తేలలేదు. కానీ చల్లటి కండతో, బరువైన గేరులో, మునివేళ్ల మీద లేచి తొక్కే యాభై ఏళ్ల పైబడ్డవాడికి ఏమవుతుందో తేలడానికి ప్రయోగం అక్కర్లేదు.

నన్ను నిజంగా భయపెట్టింది ఇంకొకటి. 1973లో లాస్ ఏంజిలెస్‌లో బర్నార్డ్ అనే శాస్త్రవేత్త బృందం 44 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను, ఏ వార్మప్ లేకుండా, బాగా ఏటవాలైన ట్రెడ్‌మిల్ మీద పది పదిహేను సెకన్లు గట్టిగా పరుగెత్తించింది. వాళ్లలో ఎక్కువమంది ఈసీజీలో గుండెకు రక్తం చాలనట్టు గుర్తులు కనపడ్డాయి. ముందు నెమ్మదిగా పరుగెత్తించి చూస్తే ఆ గుర్తులు చాలామందిలో మాయమయ్యాయి. తర్వాత చేసిన వాళ్లందరికీ అదే తీరుగా రాలేదు, అది వేరే సంగతి. ఆ పరుగెత్తినవాళ్లు ఆరోగ్యవంతులు. నాకు షుగరు. రోజూ గేటు దాటుతూనే నేను చేసింది అచ్చం ఆ ప్రయోగమే, తీగలు తగిలించకుండా.

ఇంత చదివినవాడికి బుద్ధి రావాలి కదా. రాలేదు, అటు నుంచి ఇటు దూకింది. కాలు కుదిరాక మేడ మీదికెక్కి వీడియోలు చూస్తూ మొదలుపెట్టాను. మెడ, భుజాలు, నడుము, తొడ వెనక, తొడ ముందు, పిక్క, ఒక్కోదాన్ని లాగి పట్టుకుని నూరు అంకెలు లెక్కపెట్టడం. తర్వాత గుంజీళ్లు, తాడాట. కింది వాటా వాళ్లు పైకప్పు అదురుతుందని చెప్పేదాకా ఆగలేదు. లేచీ లేవగానే వంగి కాలివేళ్లు పట్టుకోవడం మహా ఘనకార్యమనుకున్నాను. నిజానికి రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పట్టి ఉబ్బుతాయి. పొద్దున్నే మనం సాయంత్రం కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తుండేది అందుకే. ఆ వేళ బలవంతాన వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. నడుం పట్టేసింది. సైకిల్ ఎక్కేసరికి నాలో తొక్కే ఓపిక మిగిలేది కాదు. పిక్కతో పోయిన బుద్ధితక్కువతనం నడుం మీదుగా తిరిగొచ్చింది.

కండను లాగి నిమిషానికి మించి కదలకుండా పట్టుకుంటే, ఆ వెంటనే దాని బలం కొంత తగ్గుతుంది. అలా లాగితే మర్నాడు ఒళ్లునొప్పులు రావన్న నమ్మకమూ నిలవదని ఆస్ట్రేలియా వాళ్లు పాత పరిశోధనలన్నీ జల్లించి 2002లోనే తేల్చారు. ఇక నాలాంటి అతిగాళ్ల కోసమే అన్నట్టు 2011లో కెనడాలో క్యాల్గరీ యూనివర్సిటీ వాళ్లు పది మంది ట్రాక్ సైక్లిస్టులకు రెండు రకాల వార్మప్ పెట్టి చూశారు. ఒకటి వాళ్లు అలవాటుగా చేసే సుమారు 50 నిమిషాలది, రెండోది పావుగంటది. పావుగంటతో కండ అలసట తక్కువ, తొక్కుడు బలం ఎక్కువ. లండన్ ఒలింపిక్స్‌లో 2012లో బ్రిటన్ ట్రాక్ సైక్లిస్టులు బ్యాటరీతో వేడెక్కే ప్యాంట్లు తొడుక్కుని కూర్చున్నారు. వార్మప్ అయ్యాక పందెం మొదలయ్యేదాకా తొడలు చల్లబడకుండా ఉండాలని. చలి దేశం వాళ్లయినా మేడ మీద తాడాట ఆడలేదు, వచ్చిన వేడిని కాపాడుకున్నారు.

చివరికి నేను చేరింది చేపల పెద్దాయన పద్ధతికే. గేటు దగ్గర సైకిల్ ఎక్కను, వీధి చివరిదాకా తోసుకుంటూ నడుస్తాను. చీలమండలు, మోకాళ్లు, భుజాలు నడుస్తూనే కదిలిస్తాను, ఎక్కడా లాగి పట్టుకోను. తర్వాత తేలిక గేరులో పది పదిహేను నిమిషాలు, పక్కన ఎవరున్నా పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలో. చెమట పట్టీ పట్టకుండా ఉన్నప్పుడు కొంచెం గేరు పెంచి ఒకటి రెండు సార్లు కాసేపు గట్టిగా తొక్కి, మళ్లీ తగ్గిస్తాను. చలికాలంలో ఇంకాస్త ఎక్కువసేపు. ఇంతే. విడిగా వార్మప్ అని పెద్ద తంతు లేదు, తొలి మూడు నాలుగు కిలోమీటర్లే వార్మప్. కట్ట మీద పిల్లలు నన్ను దాటిపోతూ గంట కొడతారు. కొట్టుకోనీ.

స్ప్లెండర్ విషయంలో కూడా నాది మిడిమిడి జ్ఞానమేనని మా మెకానిక్ తేల్చాడు. ‘అంతసేపు నిలబెట్టి ఆడించుడెందుకు సారూ, పెట్రోలు దండగ. చోకు మీద స్టార్ట్ చేసి, అర నిమిషం చూసి, నిదానంగా తోలుకుంటా పోతే దార్లోనే వేడెక్కుద్ది’ అన్నాడు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షనే. చల్లగా ఉందో లేదో సెన్సార్ చూసుకుంటుంది, చోకు మీటే ఉండదు. నేను రోజూ వంటింట్లోకి పంపిన పొగ ఉత్త పుణ్యానికే. ఈ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.

నలభై అయిదు దాటినవాళ్లకు, షుగరో బీపీయో ఉన్నవాళ్లకు ఒక మాట. సైకిల్ ఎక్కిన తొలి నిమిషాల్లో ఛాతీ బిగబట్టినట్టుండి, దవడలోకో ఎడం చేతిలోకో నొప్పి పాకి, కాసేపటికి సర్దుకుంటే, ఒళ్లు ఇంకా వేడెక్కలేదని సరిపెట్టుకుని మర్నాడు మరో పది నిమిషాలు కలపకండి. ఆ రోజే వెళ్లి గుండె డాక్టరుకు చూపించుకోండి.

ఇక ఈసారి ముక్కోటికి వైరా నుంచి సైకిళ్లు తీసే కుర్రాళ్లకు మనవి. దీపం కింద మీరు చేసే సర్కస్ మానకండి, నన్నూ పిలవండి, వస్తాను. తల్లాడ దాకా ఎవరు దాటిపోయినా పోనివ్వండి, మీ పాత సైన్సు మాస్టారైనా సరే. అక్కణ్నుంచి భద్రాచలం ఇంకా ఎనభై కిలోమీటర్ల పైమాటే, పందేలకు కావలసినంత రోడ్డుంది.